సబ్బుబిళ్ల, పొగాకు మచ్చ, మా బాటనీ సారు

మీరు రాలేదు. ముందు ఆ మాట అనేసి మిగతాది తర్వాత రాస్తాను. శాస్త్రీయ దృక్పథం గురించి ఈ పత్రికలో పేజీలకు పేజీలు చదివి తల ఊపే మీరు, ఆయన పాఠం విని డాక్టర్లూ వ్యవసాయ అధికారులూ అయిన మీరు, కబురు అందీ రాలేదు. పోయిన గురువారం పొద్దున ఖానాపురం హవేలిలో, రెండు గదుల కిరాయి ఇంటి ముందు కుండీలకు నీళ్లు పోస్తూ మా బాటనీ సారు కూలబడిపోయారు. దవాఖానాకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. పాడె పట్టడానికి ముగ్గురం ఉన్నాం. నాలుగో మనిషి కోసం వీధి చివర షేర్ ఆటో నడిపే అతన్ని పిలుచుకొచ్చాం. సైన్సు గురించి సభలు పెట్టే జిల్లాలో ఆయనకు దొరికిన గౌరవం ఇది.

కోపంగా రాస్తున్నానని మీకు తెలుస్తూనే ఉంటుంది. నేను ఎప్పుడూ అలాగే రాస్తాను. కాని ఈసారి కోపం నిలవటం లేదు. ఆయన్ని తలుచుకోగానే ఉత్సాహం పుడుతోంది, పెన్ను పరుగెడుతోంది. ఆయన పక్కన నడిచిన మనిషికి అలాగే ఉండేది. కాబట్టి తిట్లు కాసేపు పక్కన పెట్టి ఒక పంట కాలం సంగతి చెబుతాను.

డెబ్బైల చివర్లో టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కాలేజీలో నాకు ఎకనామిక్స్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాకప్పుడు పాతికేళ్లు. ప్రపంచంలో ప్రతి సమస్యకూ నా దగ్గర ఒక కరపత్రం ఉండేది. సారు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మా ఇద్దరి గదులకూ మధ్యలో ఒకటే గోడ. ఆయన జేబులో మూడు వస్తువులు ఎప్పుడూ ఉండేవి. దారం కట్టిన భూతద్దం, పెన్సిల్ ముక్క, రేకు డబ్బాలో సబ్బుబిళ్ల. ఏ మొక్కను ముట్టుకున్నా ముందూ తర్వాతా చేతులు కడుక్కునేవారు. ఇదేదో ఆచారమనుకుని మొదటి వారమే ఆయనతో కులం మీద వాదన పెట్టుకున్నాను. అంతా విని, "మొదలు చూడు తమ్మీ, తర్వాత తిట్టు" అన్నారు. ఆ మాట నాతో ఆయన వెయ్యిసార్లు అని ఉంటారు.

ఆయన వైరస్ పాఠం చెప్పే రోజున నేను నా క్లాసు ఎగ్గొట్టి వెనక బెంచీలో కూర్చునేవాణ్ని. మొక్కజొన్న కంకి పట్టుకుని వచ్చేవారు. పొగాకుకు మచ్చ తెగులు తెచ్చే వైరస్ ఇట్లాగే ఉంటదని, సన్నగా పొడుగ్గా గొట్టంలా ఉంటదని చెప్పేవారు. గింజలన్నీ ప్రొటీన్ ముక్కలు, ఒకే అచ్చులో పోసినట్టు రెండువేలకు పైన. అవి మెట్లు మెట్లుగా చుట్టుకుంటూ పోతాయి. వాటి మధ్యలో, మెలికలు తిరిగిన దారంలా ఆర్‌ఎన్‌ఏ. "గంతే. గుండె లేదు, నోరు లేదు, కడుపు లేదు. ఒక చీటీ, దానికొక చొక్కా" అనేవారు. చెబుతూ ఆ కంకిని కిటికీ వెలుగుకు ఎత్తి తిప్పి తిప్పి చూసేవారు. ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే అయినా, అప్పుడే తెలిసిన మనిషిలా చూసేవారు. అసలు వైరస్‌ను ఆయన జీవితంలో ఒక్కసారీ చూడలేదు. దాన్ని చూపించే మైక్రోస్కోపు మన జిల్లాలోనే లేదు. ఒక పాత పుస్తకంలో అచ్చయిన ఫొటో ఒకటి ఉండేది. బూడిదరంగులో అగ్గిపుల్లలు చల్లినట్టుండే ఆ ఫొటోను మనుమడి ఫొటోలా అందరికీ చూపించేవారు.

దాని పెరుగుదల గురించి చెప్పడానికి ఆయనకు ఒక వంటిల్లు కావాలి. వైరస్‌కు సొంత పొయ్యి లేదనేవారు. ఎండిన ఆకులో ఏళ్లకేళ్లు కదలకుండా పడి ఉంటుంది. మొక్కకు చిన్న గీత పడితే చాలు, ఆ సందులోంచి లోపలికి జారుతుంది. చొక్కా విప్పేస్తుంది. చీటీ బయటపడుతుంది. కణంలో వంట చేసేవాళ్లకు ఏ చీటీ ఎవరిదో తెలియదు. చేతికొచ్చింది వండటమే వాళ్ల పని. మొదట ఆ చీటీకి నకళ్లు రాసే గుమాస్తాను తయారు చేయిస్తుంది. నకళ్లు వేలకు వేలు అవుతాయి. తర్వాత చొక్కాల గుడ్డ నేయిస్తుంది. ఆపైన ఎవరూ కుట్టకుండానే చొక్కా దానంతట అదే చీటీకి చుట్టుకుంటుంది. ఈ ముక్క దగ్గరికి రాగానే సారు చాక్‌పీసు కింద పెట్టి చప్పట్లు కొట్టేవారు.

నేను ఊరుకుంటానా? సొంత పొయ్యి లేకుండా, ఇంకొకళ్ల బియ్యంతో, ఇంకొకళ్ల చేత వండించుకు తినేది భూస్వామి కాక ఇంకేమిటని వెనక బెంచీలోంచి లేచాను. పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు. "వైరస్‌కు దురుద్దేశం లేదు తమ్మీ. మీ పెదనాన్నకు ఉన్నది. ఆ తేడా రాసుకో" అన్నారు.

మా పెదనాన్న గురించి ఆయనకు తెలియనిదేమీ లేదు. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి గోదావరి వైపు అడవి అంచు భూముల్లో పొగాకూ మిరపా వేసినవాళ్లు. పెదనాన్న ఆ ఊళ్లో పెద్ద ఆసామి. ఊరి పేరు రాయను, ఇప్పటికీ అక్కడ మనుషులున్నారు.

ఆ ఏడు మా మిరప చేలకు తెగులు వచ్చింది. ఆకులు ముదురు పచ్చా లేత పచ్చా మచ్చలు తేలి, ముడుచుకుని, మొక్క పొట్టిగా మిగిలిపోయింది. అంతకు ముందు ఏడు కూడా కొంత వచ్చింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. హస్తవాసి ఉన్న ఆడమనిషి మొదటి మొక్క నాటాలి, ఆ తర్వాతే ముఠా మడిలో దిగాలి. పదేళ్లుగా ఆ మొదటి చెయ్యి ముత్తమ్మది. ముత్తమ్మ కోయ మనిషి, భర్త లేడు, నాట్ల ముఠాకు పెద్ద. ఆమె వేలు పెడితే కర్ర కూడా చిగురిస్తుందని పెదనాన్న పదిమందిలో చెప్పేవాడు. ఇప్పుడు ఆ చెయ్యే నేరమైపోయింది. ఎందుకంటే ఆమె ముఠా నాటిన మడులన్నీ తెగులు పట్టాయి. పక్కూరి ముఠా నాటిన మడులు పచ్చగా ఉన్నాయి. ఎవరు పోయి చూసినా అంతే. గట్టుకు ఈ వైపు రోగం, ఆ వైపు ఆరోగ్యం.

చేతబడి అన్నారు. ముత్తమ్మ పళ్లు ఊడగొట్టి ఊరు వెళ్లగొడితే మంత్రం పోతుందన్నారు. పళ్లుంటేనే మంత్రం సరిగ్గా పలుకుతుందట. అందుకు కటింగ్ ప్లయర్ ఒకటి అప్పటికే పెదనాన్న ఇంటి అరుగు మీదికి వచ్చింది. నేను దాన్ని నా కళ్లతో చూశాను.

నేనేం చేశాను? కొత్తగూడెం వెళ్లి కరపత్రం వేయించాను. అందులో కుట్ర, దోపిడీ, మూఢత్వం అనే మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. పంచిన మర్నాడే పెదనాన్న ఆదివారం పంచాయితీని శుక్రవారానికి జరిపాడు. నా కరపత్రం ముత్తమ్మకు రెండు రోజులు తగ్గించింది. ఇది ఇంతకు ముందు ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

సారుకు చెప్పాను. ఊరివాళ్ల అజ్ఞానం గురించి మొదలుపెట్టబోతే ఆపారు.

"ఆళ్లు చూసింది తప్పు కాదు. ఆమె నాటిన మళ్లకే వచ్చిందంటే ఆమె నాటిన మళ్లకే వచ్చింది. ఎందుకొచ్చిందని అనుకుంటున్నరో అది తప్పు" అన్నారు. అప్పటికే సైకిల్ తాళం తీస్తున్నారు. ఆయన కళ్లల్లో ఆ వెలుగు చూసి నాకు కోపం వచ్చింది. ఒక మనిషి పళ్లు పోబోతుంటే ఈయనకు పండగలా ఉందేమిటి అనుకున్నాను.

మడి దగ్గర ఆయన మొక్కలను చూసింది పది నిమిషాలే. తర్వాత గట్టు మీద కూర్చుని ముఠా ఆడవాళ్లను చూడటం మొదలుపెట్టారు. పంచాయితీ తేలకపోయినా చివరి మడుల నాట్లు ఆగలేదు. వాళ్లు కాసేపు విశ్రాంతికి కూర్చున్నారు. ముత్తమ్మ కొంగులోంచి ఎండుటాకు తీసి, అరచేతిలో నలిపి చుట్ట చుట్టింది. తాగింది. చేతులు చీరకు తుడుచుకుని మళ్లీ నారు అందుకుంది. సారు లేచి నిలబడ్డారు. ఆ ఆకు ఎక్కడిదని అడిగారు.

"ఆసామి ఇచ్చిండు సారూ. నిరుటి సంది కూలితోటి పాటు ఇస్తడు. మా ముఠాకే ఇస్తడు, పదేండ్ల సంది చేస్తున్నం గదా. కొనేటోళ్లు వద్దని పడేసిన ఆకు."

"వద్దని ఎందుకన్నరు?"

"మచ్చలున్నయంట. కాలిస్తే మచ్చేంది, మంచిదేంది?"

ఆ మనిషి గట్టు మీద గంతు వేశారు. నలభై దగ్గర పడుతున్న లెక్చరర్, ఇస్త్రీ చొక్కా, బురదలో గంతు. ముత్తమ్మ భయపడి వెనక్కు జరిగింది. ఆ పొగాకు మచ్చా ఈ మిరప మచ్చా ఒకటేనని, ఎండిన ఆకులో అది చావకుండా పడుకుని ఉందని, చుట్ట చుట్టిన వేళ్ల మీదుగా నారులోకి దిగిందని ఆయన గడగడా చెప్పుకుపోతున్నారు. పక్కూరి ముఠాకు ఆకు ఇవ్వలేదు కాబట్టి వాళ్ల మడులు బాగున్నాయి. అంటే పెదనాన్న పొగాకు చేలో రోగం, అమ్ముడుపోని ఆకుగా కూలీల కొంగులోకి చేరి, తిరిగి పెదనాన్న మిరప చేలోకే వచ్చింది. నేనూ గంతు వేశాను. ఎకనామిక్స్‌లో ఇంత అందమైన లెక్క నేనెప్పుడూ చూడలేదు.

ముత్తమ్మ మాత్రం గంతు వేయలేదు. "అంటే నా చెయ్యే గదా సారూ" అంది.

ఆయన నిలబడిపోయారు. "నీ చెయ్యే అక్కా. కాని నీది ఒక్కదానిదే కాదు. ఎవరి చెయ్యయినా గదే చేస్తది. అది చూపిస్త" అన్నారు.

శుక్రవారం పంచాయితీలో సారు పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. పదిహేను రోజులు అడిగారు. తానే వేరే ఊరి నుంచి తెచ్చిన మిరప నారు ముప్ఫై కుండీల్లో పెడతానన్నారు. మూడు వరుసలు, వరుసకు పది. మొదటి వరుసలో ముత్తమ్మ చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, పాలలో ముంచి నాటుతుంది. రెండో వరుసలో రోజూలాగే చుట్ట చుట్టి, కడుక్కోకుండా నాటుతుంది. మూడో వరుసలో ఇంకొకరు అదే ఆకుతో చుట్ట చుట్టి నాటాలి. నాటేవాళ్లు ఒక్కో ఆకును వేళ్ల మధ్య కాస్త రుద్దాలి.

"మూడో వరుస మీరే నాటాలె. ఊర్ల అందరికీ మీ చెయ్యి మీద నమ్మకం ఉన్నది" అన్నారు పెదనాన్నతో.

పెదనాన్న నవ్వాడు. "నా చెయ్యి ముట్టుకుంటే మన్ను బంగారమవుద్ది మాస్టారూ. పెట్టండి" అని, నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇది కూడా నీ కరపత్రంలో వేస్తావుగా" అన్నాడు.

పంచాయితీ ఆఫీసు వరండాలో ముప్ఫై కుండీలు కొలువుతీరాయి. ఎవరూ చెయ్యి పెట్టకుండా పెదనాన్న పాలేరు ఒకవైపు, ముత్తమ్మ తమ్ముడు ఇంకోవైపు కాపలా. నీళ్లు మాత్రం సారు పోసేవారు. రోజూ కాలేజీ నుంచి వానలో సైకిల్ మీద వచ్చేవారు. ఎనిమిదో రోజుకు ఏమీ లేదు. ముప్ఫై మొక్కలూ కళకళలాడుతున్నాయి. ప్లయర్ ఇంకా అరుగు మీదే ఉంది. నేను దారి పొడుగునా దాని గురించే మాట్లాడేవాణ్ని. సారు మాత్రం దారిలో సైకిల్ తొక్కుతూ వైరస్‌ల జాతులు విడదీసే ఆట ఆడేవారు. లోపల డిఎన్‌ఏనా ఆర్‌ఎన్‌ఏనా? ఆకారం గొట్టమా, ఇరవై ముఖాల గోళమా? పైన కొవ్వు కోటు ఉన్నదా లేదా? ఈ మూడు ప్రశ్నలతో స్టాఫ్‌రూమ్‌లోని మనుషులను కూడా జాతులుగా విడదీసేవారు. ఒక పెద్దాయన కొవ్వు కోటు జాతి. పైకి భయంకరంగా కనిపించినా, సబ్బు తగిలితే కోటు కరిగి చస్తాడట. పొగాకుదానికి కోటు లేదు. దాన్ని సబ్బు చంపలేదు, చేతి మీంచి జారవిడుస్తుందంతే. మిగిలిన కాస్తను పాలు పట్టి ఉంచుతాయి. నేను ఏ జాతి అని అడిగాను. "చీటీ లేదు, ఉత్త చొక్కానే" అన్నారు.

పదకొండో రోజున మూడో వరుసలో ఒక మొక్క కొత్త చిగురు మీద లేత మచ్చ తేలింది. సారు భూతద్దం పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ కూర్చోబెట్టారు. నా జీవితంలో నేను చూసిన అతి గొప్ప దృశ్యాల్లో అదొకటి, అర అంగుళం ఆకు మీద ఎండపొడలాంటి మచ్చ. పద్నాలుగో రోజుకు మూడో వరుసలో తొమ్మిది, రెండో వరుసలో ఎనిమిది.

మొదటి వరుసలో ఒకటి.

ఆ ఒక్కటి చూడగానే సారును కాపలావాళ్లకు దూరంగా లాక్కెళ్లాను. మర్నాడే పంచాయితీ. కాపలావాళ్లు నిద్రపోయాక ఆ కుండీ తీసేద్దామని, కుక్క పడగొట్టిందని చెబుదామని అన్నాను. ఒక మనిషి పళ్ల కన్నా ఒక మొక్క ఎక్కువా అని అరిచాను.

"దాస్తే రేపు ఒకటి దాచినమని బయటపడ్తది. ఎల్లుండి ఆమె మాటకే విలువుండదు" అన్నారాయన.

మర్నాడు ఊరంతా వరండా ముందు నిలబడింది. అందరికన్నా ముందు సారే మొదటి వరుసలోని ఆ కుండీని ఎత్తి చూపించారు. ఇది కూడా రోగం పట్టింది, ఎందుకో నాకు తెలియదు, కడగటంలో తప్పు జరిగి ఉండొచ్చు, విత్తనంలోనే ఉండి ఉండొచ్చు అని చెప్పారు. క్లాసులో కూడా అంతే. తెలియనిది అడిగితే బోర్డు మీద 'తెలియదు' అని రాసి కింద గీత గీసేవారు. నాకు మాత్రం ఆ నిమిషంలో ఆయన గొంతు నొక్కాలనిపించింది.

పెదనాన్న వెంటనే అందుకున్నాడు. "చూశారుగా. సబ్బేసి కడిగినా, పాలల్లో ముంచినా దాని చెయ్యి దాని చెయ్యే."

ముత్తమ్మ మూడో వరుస దగ్గరికి వెళ్లింది. ఒక్కో కుండీ దగ్గర ఆగుతూ, ఊరంతా చూస్తుండగా నడిచింది. చివరిదాకా వెళ్లి వెనక్కు తిరిగింది.

"నేను కడిగి నాటిన దాంట్ల ఒకటి పోయింది ఆసామీ. నీ దాంట్ల తొమ్మిది పోయినయ్. మరి ముందుగల్ల ఎవరి పళ్లు పీకాలె?"

ముందు ముఠా ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వరండా మొత్తం నవ్వింది. పెదనాన్న పాలేరు కూడా నవ్వి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పెదనాన్న తన రెండు చేతులను తిప్పి చూసుకున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ప్లయర్‌ను ఆ సాయంత్రం ఎవరో అరుగు మీంచి తీసేశారు.

ఏడాది తిరగకముందే సారుకు దూరానికి బదిలీ అయింది. ఎవరు చెప్పి చేయించారో నాకు తెలుసు, రుజువు లేదు, కాబట్టి రాయను. చూశారా, ఆయన నన్ను ఎంత పాడు చేశారో! పదవి పెరగలేదు, సన్మానం జరగలేదు, ఏ పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. కాని ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లల్లో నాట్లకు దిగే ముందు గట్టు మీద సబ్బుబిళ్ల పెట్టే అలవాటు మిగిలింది. మచ్చ ఆకు తీసుకోబోమని ముఠాలే చెప్పేశాయి. చుట్ట మాత్రం ముత్తమ్మ మానలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. కొత్తగూడెంలో బస్సు మారి, ఎండలో, డెబ్బై దాటిన మనిషి. గుమ్మం దగ్గరే ఆగి సబ్బు అడిగింది. శవాన్ని ముట్టుకున్నాక కదా కడుక్కునేది అని వీధి ఆడవాళ్లు చెప్పబోయారు. "బస్సు దిగినంక చుట్ట తాగిన బిడ్డా. సారును గట్లనే ముట్టుకుంటనా?" అంది. కుళాయి దగ్గర కూర్చుని మోచేతుల దాకా రుద్దుకుంది. నీళ్లు పోసుకుంది. మళ్లీ రుద్దుకుంది. రెండుసార్లు. తర్వాత తడి చేతులను గాలికి ఆరనిచ్చి, లోపలికి వచ్చి, ఆయన పాదాల మీద పది వేళ్లూ ఆనించింది. కుళాయి గట్టు మీద సబ్బుబిళ్ల మీద ఆమె వేళ్ల గీతలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

మీరు రాలేదు కాబట్టి అది చూడలేదు. ఇప్పుడు ఇవి చేయండి.

1. మచ్చ పట్టిన పొగాకును కూలీలకు ఇవ్వడం ఆపండి. తగలబెట్టండి.

2. నాట్లప్పుడు గట్టు మీద సబ్బూ నీళ్లూ ఆసామి పెట్టాలి. కూలీ తెచ్చుకోవాలనడం కుదరదు.

3. చేతబడి పేరుతో మనిషి మీద చెయ్యి వేసినవాళ్ల మీద కేసు పెట్టండి. వాళ్లు మీ బంధువులైతే మీరే వెళ్లి పెట్టండి.

4. పరీక్షలో రాదని వైరస్ పాఠం వదిలేసే లెక్చరర్లు, ఒక మొక్కజొన్న కంకి కొనుక్కుని క్లాసుకు వెళ్లండి.

5. తెలియనిది అడిగితే బోర్డు మీద 'తెలియదు' అని రాయండి. కింద గీత గీయండి.

6. ఆయన కుండీలు పదకొండు ఇంటి ముందే ఉన్నాయి, వాటికి నీళ్లు పోసేవాళ్లు లేరు. వచ్చి తలా ఒకటి తీసుకెళ్లండి.

7. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. రెండుసార్లు.